రెండు కోర్టులు, ఒక మగ్గం

మడ్గావ్, గోవా
8 జూన్ 2025

శకుంతలక్కకు, చెల్లెలు భవాని రాస్తున్నది.

బాగున్నావా అని అడగడానికి కూడా వకీలును అడగాలేమో అని కాసేపు ఆగాను. పదకొండేళ్ల అలవాటు మరి. "ఎదుటి పార్టీతోని మాట్లాడొద్దమ్మా, ఏం మాట్లాడినా కేసుకే తగుల్తది" అని మా వకీలు మొదటి రోజే చెప్పాడు. ఎదుటి పార్టీ అంటే నువ్వేనని నాకు ఎక్కడానికి రెండు పేషీలు పట్టింది.

ఫోను చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తినా మొదటి నిమిషంలోనే నువ్వొకటి అంటావు, నేనొకటి అంటాను. కాగితమైతే నయం. చించి పారేసే లోపు నాలుగు వరుసలైనా చదువుతావు.

నవంబరు పద్దెనిమిదిన నాయన ఇంటిని కోర్టు వేలం వేస్తుందని నోటీసు వచ్చింది. నీకూ వచ్చే ఉంటుంది. చెరి సగం అని మూడేళ్ల కింద తీర్పు చెప్పారు. ఇప్పుడేమో కమిషనర్‌గా వచ్చిన వకీలు టేపు పెట్టి కొలిచి, తొంభై ఆరు గజాల ఇల్లు రెండు ముక్కలు చేస్తే ఎవరికీ పనికిరాదు, అమ్మి పంచండి అని రాశాడు. ఆయన రిపోర్టు నకలు తెప్పించుకుని చదివాను. మూడో పేజీలో ఒక వరుస ఉంది. 'మగ్గం ఒకటి, పనికిరానిది.'

అక్కా, ఆ మాట ఎట్లా రాయనిచ్చావు?

మా ఆయన ఆంథోనీ పోయినప్పటి నుంచి నేను ఇక్కడ ఒక లాయరమ్మ దగ్గర కాగితాలు రాసే పనిలో ఉన్నాను. ఇక్కడ ఆస్తి పంపకాలు మన దగ్గర జరిగినట్టు జరగవు. పోర్చుగీసు వాళ్ల నాటి పద్ధతి ఇంకా నడుస్తున్నది. అది చూసినప్పుడల్లా మన కేసే గుర్తుకొస్తుంది. నువ్వు ఒక్క ముక్క జవాబు రాస్తే ఆ సంగతి చెబుతాను.

భవాని


కొత్తవాడ, వరంగల్
27 జూన్ 2025

శ్రీమతి భవాని గారికి,

మీ ఉత్తరం అందినది. మా వకీలు సారంగపాణి గారికి చూపించి జవాబు రాయమని మా అబ్బాయి ఉపేందర్ అన్నాడు. చూపించలేదు.

మగ్గం పనికిరానిదని నేను రాయించలేదు. ఆ కమిషనర్ గుమ్మంలో నిలబడి "దీని మీద ఇప్పుడు ఎవరన్న నేస్తున్నరా" అని అడిగాడు. లేదన్నాను. అంతకు మించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అడిగిన దానికే జవాబు చెప్పాలని నాకు నేర్పింది మీరు వేసిన దావానే.

ఆరడుగుల వెడల్పు పన్నా జంపఖానా ఒక్క మనిషి నేసేది కాదని ఆయనకేం తెలుసు. కుడి పక్క కూర్చున్నవాళ్లు పేక పోగున్న నాడె విసిరితే ఎడమ పక్క అందుకుని తిప్పి విసిరే మనిషి ఉండాలి. ఆ మనిషి ఎవరు, మగ్గం మీద నుంచి ఎన్నడు లేచిపోయింది అని రాయడానికి ఆయన ఫారంలో గడి లేదు.

పద్ధతి చెబుతానన్నారు. చెప్పండి. వింటే పోయేదేముంది.

శకుంతల

మీ ఆయన పోయిన సంగతి యాకయ్య మామ చెప్పాడు. రెండు రోజులు అన్నం సయించలేదు. ఉత్తరం రాద్దామనుకున్నాను. రాయలేదు.


మడ్గావ్
14 జూలై 2025

అక్కా,

నన్ను 'గారు' అన్న మొదటి మనిషివి నువ్వే. ఆఫీసులో కూడా ఎవరూ అనరు. చదివి నవ్వాను, తర్వాత ఏడ్చాను. సరే.

పద్ధతి చెబుతాను. మన దగ్గర కోర్టును నడిపేది వకీళ్లు. జడ్జి గారు పైన కూర్చుని వీళ్లు అడిగింది, వాళ్లు చెప్పింది వింటారు. ఒకరు దావా రాస్తారు, ఇంకొకరు జవాబు దావా రాస్తారు, ఎవరు ఎవరిని ఎంత పొడిస్తే అంత మంచి వకీలు. ఇక్కడ ఇంటిపెద్ద పోతే వారసులు ఒకరి మీద ఒకరు దావా వేసుకోనక్కరలేదు. ఇన్వెంటరీ అని ఒకటి తెరుస్తారు. దాన్ని ముందుకు లాగేది జడ్జే. ఇల్లు ఎవరి చేతుల్లో ఉందో వాళ్లను పిలిచి పెద్దరికం అప్పజెబుతారు. ఆ పెద్ద ప్రమాణం చేసి ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ రాసివ్వాలి. ఏదైనా కావాలని దాచినట్టు తేలితే దాని మీద హక్కు పోతుంది. అది మిగతా వాళ్లదవుతుంది.

తర్వాత వేలం. మన వేలం లాంటిది కాదు. ముందు ఇంట్లోవాళ్లే పాడాలి. నిరుడు ఒక రొట్టెల బట్టీ ఇంటి పంపకం నా చేతుల మీదుగానే పోయింది. ముగ్గురు అన్నదమ్ములు. పెద్దాయన జాబితాలో విరిగిన రొట్టెల తెడ్డు కూడా రాశాడు. దానికి ముగ్గురూ పాడారు. జడ్జి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

మన కేసులో నన్ను బోనులో నిలబెట్టి మీ సారంగపాణి ఏమడిగాడో నీకు గుర్తుందా? "మీ నాయిన చనిపోతే వచ్చినవా? అవును కాదు, ఒక్కటే చెప్పు." రాలేదన్నాను. టైపు కొట్టారు. ఎందుకు రాలేదని ఆయన అడగడు, అది ఆయన పని కాదు. మా వకీలు కూడా అడగలేదు. నాకు కబురు చేరిందే నాలుగో రోజున, అదీ యాకయ్య మామ ద్వారా అని చెబుదామని నోరు తెరిచాను. "చాలమ్మా, దిగు" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గొంతులోనే ఉంది.

నాకొక కోరిక. కోర్టు వేలానికి ముందు మనం ఉత్తరాల్లోనే ఒకసారి ఇక్కడి పద్ధతిలో పంచుకుందాం. ఇల్లు నీ చేతుల్లో ఉంది కాబట్టి పెద్దరికం నీది. మగ్గం మీద చెయ్యి పెట్టి ఉన్నవన్నీ రాయి. పాట రూపాయల్లో వద్దు. ఏ వస్తువు ఎందుకు కావాలో ఒక్క మాట రాద్దాం. ఎవరి మాట బరువుగా ఉంటే ఆ వస్తువు వాళ్లది.

నీ
భవాని


కొత్తవాడ
9 ఆగస్టు 2025

భవానికి,

నీ పోర్చుగీసు పద్ధతి విని నాకు తాత గుర్తొచ్చాడు. నిజాం కాలంలో తాతకు పక్కింటి వాళ్లతో గోడ తగాదా వచ్చింది కదా. మున్సిఫ్ ముందు కాగితాలన్నీ ఉర్దూలోనే ఉండేవట. సాక్షులు ఎవరూ లేకపోతే తాత లేచి "వాడు ఖురాన్ మీద చెయ్యి పెడతాడో, వాళ్ల దేవుని మీద పెడతాడో, ప్రమాణం చెయ్యమనుండ్రి. చేస్తే నా దావా కొట్టెయ్యుండ్రి" అన్నాడట. పక్కింటాయన చెయ్యి చాపి, చాపి, వెనక్కి తీసుకున్నాడట. గోడ తాతకొచ్చింది. నాయన ఈ కథ చెప్పినప్పుడల్లా నువ్వు "చాపిన చెయ్యి ఎందుకు తీసుకున్నడు" అని అడిగేదానివి. సాలోడు మగ్గం మీద చెయ్యి పెట్టి అబద్ధమాడడు, అట్లనే అనుకో అనేవాడు నాయన.

ప్రమాణం చేసే రాస్తున్నాను. ఇల్లు ఒకటి, ముందర గది, వంటిల్లు, మగ్గం గది. వాకిట్లో నల్లా, వారానికి మూడు రోజులే వస్తుంది. రాగి గంగాళం, అడుగున మాటు వేసినది. అమ్మ ఇనుప పెట్టె, తాళంచెవి లేదు, తాళం వేసే అవసరమూ లేదు. నాయన గోడ గడియారం పావుగంట ముందుకు నడుస్తుంది, ఉపేందర్ సరిచేస్తానంటే వద్దన్నాను. రాట్నం ఒకటి. మామిడి తొక్కు జాడీలు రెండు, ఒకటి బీటవారింది. మగ్గం ఒకటి. అంతే.

నా పాట కూడా రాస్తున్నాను. గంగాళం నాకొద్దు, ఎత్తలేను. గడియారం కావాలి, ఆ పావుగంట లేకుంటే పొద్దున లేవలేను. రాట్నం కావాలి, దాని చప్పుడుకు నిద్రపట్టే అలవాటు. అమ్మ పెట్టె నువ్వు తీసుకో. అమ్మ చీరల వాసన ఇప్పటికీ ఉంది, నేను ఇన్నేళ్లు చూసుకున్నాను, ఇక నీ వంతు.

మగ్గానికి ఏం పాట పాడాలో నాకు తెలియదు. ఇద్దరి మగ్గాన్ని ఒక్కదాన్ని తీసుకుని ఏం చేసుకోను. నేను సొసైటీ వాళ్లిచ్చిన చిన్న పన్నా మగ్గం మీదనే నేస్తున్నాను.

శకుంతల


మడ్గావ్
30 ఆగస్టు 2025

అక్కా,

నీ జాబితా పదిసార్లు చదివాను. గడియారం నీదే, అభ్యంతరం లేదు. రాట్నానికి నా పాట ఉంది కానీ నీదే బరువైనది, వదులుకున్నాను. గంగాళం నాకు కావాలి. దీపావళి పొద్దున నువ్వు నా తల మీద నీళ్లు పోస్తూ "కండ్లు మూసుకో, కండ్లు మూసుకో" అనేదానివి. ఇక్కడ షవరు కింద నిలబడితే ఎవరూ కళ్లు మూసుకోమనరు. బీటవారిన జాడీ కూడా నాకే, దానికి బీట పెట్టింది నేనే కాబట్టి. అమ్మ పెట్టె వచ్చినందుకు ఏం రాయాలో తెలియడం లేదు.

ఇక వారసురాలిగా నాదొక ప్రశ్న. ఇక్కడ జాబితా చూశాక వారసులకు ఆ హక్కు ఉంటుంది. మగ్గం ఒకటి అని రాశావు. నేను ఆంథోనీతో ఇంట్లోంచి వెళ్లిన రోజు దాని మీద పడుగు ఉంది. మనిద్దరం ఎత్తిన జంపఖానా ఉంది, ఎర్ర పట్టీ, నీలం పట్టీ, మధ్యన తెల్ల మెట్లు. దాన్ని తర్వాత ఎవరితో నేయించారు? ఎవరికి అమ్మారు? ఏ పెళ్లి పందిట్లో పరిచారు? చెబితే చాలు, ఏమీ అనను. ఇరవై ఆరేళ్లుగా ఎక్కడ జంపఖానా కనబడినా తిరగేసి అంచు చూస్తాను. ఎడమ అంచు కొంచెం వదులుగా ఉంటే అది నా చేతిదేమోనని.

భవాని


కొత్తవాడ
22 సెప్టెంబరు 2025

భవానీ,

మూడు సార్లు మొదలుపెట్టి మూడు సార్లు చింపేశాను. బడిలో నేర్పినట్టు రాయడం ఇక నాతో కాదు. ఎట్లా వస్తే అట్లా రాస్తాను.

మగ్గం మీద చెయ్యి పెట్టి ఉన్నది రాయలేదు. తాత పక్కింటాయన నయం, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

జంపఖానా ఎవరికీ అమ్మలేదు. మగ్గం మీదనే ఉంది. నువ్వు పోయిన నాడు గజంన్నర ఉండె, ఇయ్యాల్టికి గజంన్నరనే. ఇంకో రెండు గజాల పడుగు అట్లనే చుట్టి ఉంది. ఎవరినన్నా పిలిచి ఎడమ పక్క కూర్చోబెడదామని ఎన్నిసార్లు అన్నానో. "ఎత్తినోళ్లే దించాలె. ఎడమ చెయ్యి వస్తది. అప్పటిదాంక కత్తెర పెట్టకు" అనేవాడు నాయన. ఆయన పోయాక కూడా నేను పెట్టలేదు. పాత చీరలు కప్పి, ఏటా దసరాకు వేపాకు మార్చి, ఎలుకలు కొరికిన పోగులు ఒక్కొక్కటే అతుకుతున్నాను. ఆ కమిషనర్ పాత బట్టలనుకున్నాడు.

ఎందుకు దాచానంటే వినుకో. దావా కాగితాలు వచ్చినప్పుడు సారంగపాణి సారు "మీ నాయిన చిన్నబిడ్డను యాది చేసుకునేటోడా" అని అడిగాడు. నేను లేదన్నాను. ఆయన దాన్ని సాగదీసి, నాయన చిన్నబిడ్డను మనసులోంచి తీసేసిండు, ఇల్లు నోటిమాటతో నాకే ఇచ్చిండు అని జవాబు దావాలో రాశాడు. సంతకం నాదే. ఆ జంపఖానా ఒక్కటి జడ్జి కంట పడితే నా మాట అబద్ధమని పసిపిల్లలకు కూడా తెలుస్తుంది.

ఇంకొకటి ఉంది. నువ్వు గొంతులో ఉంది అన్న మాటకు జవాబు. నాయన దవాఖానలో ఉన్నప్పుడు "చిన్నదానికి ఫోన్ చెయ్యి" అన్నాడు, రెండు సార్లు. చేస్తా అన్నాను. చేయలేదు. అప్పటికి పద్నాలుగేళ్లు ఆయనకు అన్నం పెట్టింది నేను, మందులు పోసింది నేను. పక్కన నేను కూర్చుంటే ఆయన చూపు ఎప్పుడూ మగ్గానికి ఎడమ పక్క ఖాళీ పీట మీదనే. ఉన్న బిడ్డ కంటికి ఆనలేదు. ఆఖరుకైనా నా మొహం చూసి పోతాడని ఆశపడ్డాను. ఆయన తలుపు వైపే చూస్తూ పోయాడు.

నన్ను తిట్టు. పన్నెండేళ్లుగా ఎవరన్నా తిడితే బాగుండునని చూస్తున్నాను.

అక్క


మడ్గావ్
5 అక్టోబరు 2025

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజు ఆఫీసుకు పోలేదు. సముద్రం దాకా నడిచి, నీళ్లల్లో దిగకుండానే తిరిగొచ్చాను. నీ మీద కోపం వచ్చింది. ఇంకా ఉంది. నాయన అడిగాడన్న సంగతి నాకు పన్నెండేళ్లు ఆలస్యంగా తెలిసింది, దానికి క్షమించాను అని రాయడానికి చెయ్యి రావడం లేదు. వచ్చినప్పుడు రాస్తాను.

నీకు తిట్లు కావాలంటే ఎదురుగా కూర్చున్నప్పుడు తిడతాను. ఇప్పుడు నా వంతు. దాచిన సొత్తు నా దగ్గరా ఉంది.

నేను దావా ఇంటి కోసం వేయలేదు. కబురు అందాక, నాయన పదకొండో రోజుకు వరంగల్ వచ్చాను. మన గల్లీ మొదట్లో నిలబడ్డాను. టెంటు కింద నువ్వు తెల్ల చీరలో అటూ ఇటూ తిరుగుతున్నావు. లోపలికి రాలేక స్టేషనుకు తిరిగిపోయాను. తర్వాత ఎన్ని సార్లు ఫోను చేసినా నువ్వు ఎత్తలేదు. అప్పుడు హన్మకొండలో ఒక వకీలును కలిస్తే ఆయన అన్న మాట, "దావా వేస్తే ఆమె కోర్టుకు రాక తప్పదు." ఆయన ఇంకా చాలా చెప్పాడు. నేను విన్నది ఆ ఒక్కటే.

నా సాక్ష్యం తప్ప మిగతా పేషీలకు నేను రానక్కరలేదు. మా వకీలు ప్రతిసారీ చెప్పేవాడు. అయినా రెండు రాత్రులు రైల్లో కూర్చుని వచ్చేదాన్ని. వరండాలో ఎదుటి బెంచీ మీద నువ్వుండేదానివి. ఒక ఏడు నీకు కళ్లజోడు వచ్చింది. ఒక ఏడు జుట్టుకు రంగు వేయడం మానేశావు. కరోనాలో కోర్టు మూసినప్పుడు నాకు పిచ్చెక్కింది. లోపలి నుంచి వాయిదా అని కేక వినబడగానే అందరూ ఉసూరుమనేవాళ్లు. నేను మాత్రం తారీఖు రాసుకుని, ఇంకో రెండు నెలలకు అక్కను చూస్తాను అనుకునేదాన్ని.

ఇక్కడి పద్ధతి గొప్పదని నీకు అంత రాశాను. నిజమే, గొప్పదే. కానీ మన కేసు ఇక్కడ నడిచి ఉంటే నాలుగు పేషీల్లో తేలిపోయేది. నిన్ను నాలుగు సార్లే చూసేదాన్ని. మన కోర్టు నాకు నలభై మూడు సార్లు చూపించింది. నవంబరు పద్దెనిమిదితో అదీ అయిపోతుంది. నోటీసు చూడగానే ఇల్లు పోతుందని కాదు నేను ఏడ్చింది. ఇక పేషీ ఉండదని.

జంపఖానా సంగతి. దాచినది కాబట్టి ఇక్కడి కాయిదా ప్రకారం దాని మీద నీ హక్కు పోయింది. అది మొత్తం నాది.

భవాని


కొత్తవాడ
19 అక్టోబరు 2025

భవానీ,

నేను బోను దిగిన రోజే సారంగపాణి సారు "ఇగ మీరు రాకున్నా నడుస్తది అమ్మా" అన్నాడు. అయినా ఒక్క పేషీ తప్పలేదు. "అమ్మా, ఎండల నీకేం పని" అని ఉపేందర్ తిట్టేవాడు. నీ రైలు లేటైన రోజు పన్నెండింటి దాకా గేటు వైపే చూస్తూ కూర్చునేదాన్ని. నువ్వు వచ్చి బెంచీ మీద కూర్చుని సంచిలోంచి నీళ్ల సీసా తీసి తాగితే నాకు దాహం తీరేది. ఇద్దరం ఒక్కటే మగ్గం మీద పెరిగాం, తెలివి కూడా ఒక్కటే పన్నా వచ్చింది.

ఉపేందర్‌ను మగ్గం గదిలోకి తీసుకుపోయి చీరలు తీసి చూపించాను. వాడు ఆ ఇంటిని కూలగొట్టి షట్టర్లు పెడదామని లెక్కలు వేసుకున్నవాడు. చాలాసేపు చూశాడు. "గిన్నేండ్లు నాకెందుకు చెప్పలే" అన్నాడు. పిన్ని ఎప్పుడొస్తుందని అడిగాడు. పిన్ని అని వాడి నోట వినడం నాకు మొదటిసారి.

ఇద్దరం కలిసి సారంగపాణి సారు దగ్గరకు పోయాం. వేలం వద్దు, ఇల్లు పంచొద్దు, ఇద్దరి పేర్ల మీద పొత్తులో ఉండాలె, రాజీ కాగితం రాయండి అన్నాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టి "పదకొండేండ్లు కొట్లాడి మళ్ల పొత్తులనే ఉంటరా? గిదేం లొల్లి అమ్మా" అన్నాడు. కానీ రాశాడు. మీ వకీలుతో కూడా మాట్లాడాడు. నవంబరు పన్నెండున రెండు పార్టీలు జడ్జి ముందర నిలబడి, ఇది మా ఇష్టపూర్తిగా చేసుకున్నదే అని చెప్పాలట. ఈసారి మాత్రం నువ్వు రాక తప్పదు. వకీలే చెప్పాడు.

జంపఖానా నీదే. కాయిదా కాయిదానే, నేను తప్పుకోను. చీరలు తీసేసి దులిపి పెట్టాను. నాయన కత్తెర సాన పట్టించి మగ్గం పక్కన పెట్టాను. నీ సొత్తు నువ్వు కోసుకుని పో. పార్సిల్ చేయమంటే మాత్రం నా చేతులతో కాదు. నీకు కోపం తగ్గలేదన్నావు. తగ్గకున్నా సరే, రా.

అక్క


మడ్గావ్
28 అక్టోబరు 2025

అక్కా,

పదో తారీఖు పొద్దున వరంగల్‌లో దిగుతున్నాను. ఉపేందర్‌ను స్టేషనుకు పంపకు, నాకు గల్లీ తెలుసు. మొదట్లోనే ఆగిపోతే మాత్రం నువ్వే వచ్చి లోపలికి లాక్కుపో.

ఆఫీసులో లాయరమ్మకు మన కేసు మొత్తం చెప్పాను. ఏ దేశం చట్టం కిందా ఇట్లాంటి తీర్పు ఆమె చూడలేదట. ఎన్ని రోజులు సెలవు కావాలని అడిగింది. పని అయ్యేదాకా అన్నాను. ఏం పని, ఎంత పని అని నిలదీస్తే రెండు గజాలు అన్నాను. ఆమెకు అర్థం కాలేదు.

ఆ కత్తెర తీసి అమ్మ పెట్టెలో వెయ్యి. నాది కాబట్టి ఏం చేయాలో చెప్పే హక్కు నాదే. ఎడమ పక్క పీట దులిపి పెట్టు. ఇరవై ఆరేళ్లుగా ఈ చెయ్యి నాడె పట్టలేదు. విసిరితే నీ దాకా రాదు, పోగులు తెగుతాయి, అంచు వదులవుతుంది. అప్పుడు నువ్వు నన్ను తిట్టు. నీ మీద నాకున్న తిట్లు నేనూ వెంట తెస్తున్నాను, మధ్యమధ్యలో తిడతాను.

ఒక్కటి ముందే చెబుతున్నాను. రోజుకు బెత్తెడు కన్నా ఎక్కువ నేయను. నువ్వు తొందరపెట్టినా నేయను. ఎప్పుడు అయిపోతుందని ఎవరన్నా అడిగితే, వాయిదా పడిందని చెప్పు.

నీ చెల్లె
భవాని